పాడవని పళ్ళకు గడి లేదు

1991వ సంవత్సరం జూన్ నెల పదిహేడవ తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మా దంతవైద్యశాల హాజరు పట్టికలో తొలి సంతకం చేసి, నాటి నుండి ముప్ఫై నాలుగు సంవత్సరాల నాలుగు నెలల పద్నాలుగు రోజుల పాటు నిరంతరాయంగా, నిష్కళంకంగా, నిరాడంబరంగా సేవలందించి, ఈ అక్టోబరు ముప్ఫై ఒకటవ తేదీన పదవీ విరమణ చేయుచున్న మా డాక్టరమ్మగారిని అభినందిస్తూ నాలుగు మాటలు రాయవలసిందిగా సంచిక సంపాదకవర్గం వారు నన్ను కోరారు. వారు కోరింది అభినందన. నాకు వస్తున్నది కోపం. రెండూ కలిపే రాస్తాను. ఏది ఎక్కడ తగ్గించాలో నాకు తెలియదు, తగ్గించే ఉద్దేశమూ లేదు.

నా గురించి ఒక ముక్క చెప్పుకోవాలి. నేను డాక్టరును కాను. డాక్టరమ్మగారి గదికి ఆనుకుని ఉన్న కార్ఖానాలో, ప్లాస్టరు దుమ్ములో, కరిగిన మైనం వాసనలో కూర్చుని కట్టుడుపళ్ళ సెట్లు తయారుచేసేవాణ్ణి. ఆమె నన్ను మొదటిరోజు నుంచీ 'మేస్త్రిగారూ' అనే పిలిచారు. పళ్ళు పోయినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. ఎవరి పళ్ళూ పోకుండా చూడాలన్నది ఆమె పంతం. ఆ పంతం పూర్తిగా నెగ్గితే నేను ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి. నా పొట్ట కొట్టడానికి మూడు దశాబ్దాలకు పైగా పాటుపడిన మనిషిని గురించి రాస్తున్నాను గనుక ఇందులో ముఖస్తుతి ఉంటుందని ఎవరూ అనుమానించనక్కరలేదు.

ఆమె చేరిన రోజుల్లో ఇక్కడ పంటి వైద్యమంటే పీకడమే. పొద్దున్న తలుపు తీసేసరికి వసారాలో అరవైమంది దవడలు పట్టుకుని నిలబడి ఉండేవారు. అప్పటి పెద్ద డాక్టరుగారు కొత్తగా వచ్చిన ఆమె చేతికి పట్టుకారు అందించి, "పీకెయ్యమ్మా, ఆలోచించకు. లైను కదలాలి" అన్నారు. ఆమె తన మొదటి రోగిని, బట్టలు కుట్టే ఒకావిడను, కుర్చీలో కూర్చోబెట్టి, దీపం కిందికి లాగి చూసి, "ఈ పన్ను బతుకుతుందండీ" అన్నారు. నలభై నిమిషాలు వంచిన తల ఎత్తకుండా పుచ్చంతా తోడి, శుభ్రం చేసి, నింపి పంపించారు. బయట లైను కేకలు పెట్టింది. లోపల మేము నవ్వుకున్నాం. ఆ వారంలోనే ఆమెకు 'నత్తమ్మ' అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది నేనే. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఆమెకు ఎవరైనా చెప్పారో లేదో తెలియదు. ఇప్పుడు అచ్చులో చెబుతున్నాను, క్షమించమని అడుగుతున్నాను.

నిజానికి ఆమెది నెమ్మదితనం అనుకోవడం మా తెలివితక్కువ, అది మొండితనం. పన్ను మీద పేరుకున్న పాచిలో కంటికి కనిపించని క్రిములు కాపురముంటాయని, మనం తిన్న తీపిని అవీ తిని పులుపు కక్కుతాయని, ఆ పులుపు పంటి పైపొరను కొద్దికొద్దిగా కరిగిస్తుందని, కరిగిన చోటును నోటిలోని ఉమ్మి మళ్ళీ పూడుస్తూ వస్తుందని, గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకునేవాళ్ళ విషయంలో పాపం ఆ ఉమ్మికి తీరికే దొరకదని, కుర్చీలో కూర్చున్న ప్రతి మనిషికీ చెప్పనిదే ఆమె లేవనిచ్చేవారు కాదు. "పంటికి పురుగు పట్టిందమ్మా" అని ఎవరైనా అంటే, "పురుగూ లేదు, పుట్రా లేదు. ఎంత తీపి తిన్నారని కాదండీ, రోజుకి ఎన్నిసార్లు తిన్నారో అది చెప్పండి" అనేవారు. ఒక లారీ డ్రైవరు వచ్చి, "నెల్లాళ్ళు ప్రాణం తీసిందమ్మా. మొన్నటి నుంచి దానంతటదే తగ్గిపోయింది. ఇంకెందుకు వైద్యం?" అని లేవబోయాడు. ఆమె భుజం పట్టి కూర్చోబెట్టారు. "తగ్గలేదు నాయనా, లోపల నరం చచ్చిపోయింది. చచ్చింది గనక అరవడం లేదు. ఇప్పుడు చీము దవడలోకి దిగుతుంది. నోరు తెరు."

నొప్పి పోయిందని సంబరపడి ఇంటికి వెళ్ళిపోయి, ఆరు నెలల తర్వాత ముఖం వాచి తిరిగొచ్చి, ఒక్కొక్క పన్నే పోగొట్టుకుంటూ చివరికి నా కార్ఖానా గుమ్మం ఎక్కినవాళ్ళు ఎంతమందో లెక్కలేదు. వాళ్ళ మీద నాకు కోపం. పైపొరకు నరం ఉండదు, కాబట్టి కరిగేటప్పుడు తెలియదు, తెలిసేసరికి ఆలస్యమైపోతుంది అన్న ఇంత చిన్న విషయాన్ని ఏ పాఠ్యపుస్తకంలోనూ నాలుగు వాక్యాల్లో రాయనివాళ్ళ మీద ఇంకా కోపం.

ఇక మా నెలవారీ నివేదిక. తీసిన పళ్ళు ఎన్ని, నింపిన పళ్ళు ఎన్ని, కట్టిన సెట్లు ఎన్ని అని మూడు గడులు, చివర 'ఇతరములు' అని ఇంకో గడి. నిమిషానికొకటి పీకినవారికి ప్రశంసాపత్రాలు వచ్చాయి. పీకవలసిన పన్నును గంటసేపు కూర్చుని బతికించిన డాక్టరమ్మగారికి ఏటేటా వచ్చింది ఒకటే మాట: 'పనితీరు నిదానం'. ఆమె పల్లెత్తు మాట అనలేదు. అనవలసిన వాళ్ళం మేము, మేమూ అనలేదు.

అభినందన వ్యాసాల్లో కుటుంబ ప్రస్తావన ఒకటి ఉంటుంది కదా. ఈ సంఘటన రాసేముందు వారమ్మాయిని అడిగాను. "రాయండి మామయ్యా, నా నోరే కదా" అంది. 2001లో ఆ పాపకు ఏడేళ్ళు. బడి వదలగానే వాళ్ళమ్మ పని అయ్యేదాకా నా కార్ఖానాలో కూర్చుని, మైనం ముద్దలతో బొమ్మలు చేసుకుంటూ ఉండేది. ఒకరోజు బిస్కట్టు తింటుంటే చూశాను, కుడివైపు అసలు నమలడం లేదు. దవడలతో బతికేవాణ్ణి, నాకు అనుమానం వచ్చింది. "డాక్టరమ్మగారూ, పాప నోరు ఒకసారి చూడండి" అన్నాను. "మొన్న చూశానండీ, పాలపళ్ళు ఊడుతున్నాయి, అంతే" అంటూనే దీపం కిందికి లాగారు.

కిందిదవడలో, చివర, ఆరేళ్ళకు వచ్చే పెద్ద పన్ను. సగం లేదు. పుచ్చు నరందాకా దిగిపోయి, దుంప కూడా మిగిలేలా లేదు.

మనలో చాలామంది చేసే తప్పే, పంటి డాక్టరింట్లో జరిగింది. ముందుపళ్ళు ఊడి కొత్తవి వస్తే అందరికీ తెలుస్తుంది. ఈ దవడపన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే, పాలపళ్ళ వెనక ఖాళీగా ఉన్న చోటులో, చప్పుడు చేయకుండా వస్తుంది. ఎవరూ గమనించరు. గమనించినా పాలపన్నే అనుకుంటారు. బ్రష్షు అక్కడిదాకా పోదు. వచ్చిన ఏడాదికే పుచ్చుతుంది. ఎలాగూ ఊడేదే కదా అని వదిలేస్తారు, అది జీవితాంతం ఉండవలసిన పన్ను. వారి భర్తగారు, డ్రాయింగు మాస్టారు, సాయంత్రం వచ్చి తెల్లబోయి నిలబడ్డారు. "పాప నాలుగు రోజుల కిందట పన్ను సలుపుతోందంది. పాలపన్నేలే అన్నాను" అన్నారు.

ఆ పన్నును తల్లే తీసింది. వేరే డాక్టరు చేస్తానన్నా ఒప్పుకోలేదు. తర్వాత నా కార్ఖానాలోకి వచ్చి తలుపు వేసుకున్నారు. అంతకు ముందు నేనెప్పుడూ ఆమె గొంతు పెద్దది కావడం వినలేదు.

"ఊరందరి నోళ్ళూ చూశానండీ. నా పిల్ల నోరు చూసుకోలేదు. చూశాను, ముందు నాలుగు పళ్ళూ చూసి వదిలేశాను. నేను డాక్టర్నా?"

"ఊరుకోండమ్మా, ఎవరికైనా జరిగేదే..."

"అదే అంటున్నా! ఎవరికైనా జరిగేదే అని అందరం ఊరుకుంటున్నాం. నా ఇంట్లోనే ఇలా ఉంటే, వసారాలో నిలబడేవాళ్ళ పిల్లల సంగతేంటి? వాళ్ళు నొప్పొస్తేగానీ ఇక్కడికి రారు. నొప్పొచ్చాక నేను చేసేదేముంది? ఇక్కడ కూర్చుని పుచ్చిన పళ్ళ కోసం ఎదురుచూడటం నావల్ల కాదు మేస్త్రిగారూ."

ఆ కోపం నుంచి మంగళవారాలు పుట్టాయి. ఆసుపత్రికి నడక దూరంలో ఉన్న మూడు బడులకు, వారం వారం, ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆమె వెళ్ళేవారు. వాళ్ళకు చూపించడానికి నన్నొక దవడపన్ను బొమ్మ చేసిపెట్టమన్నారు. గుమ్మడికాయంత ప్లాస్టరు పన్ను, పైన లోతైన గాళ్ళతో చేసిచ్చాను. పిల్లల చేతికి బ్రష్షు ఇచ్చి, "ఈ గాడి అడుగు దాకా తోమండి చూద్దాం" అనేవారు. ఎంత తోమినా కుచ్చు లోపలికి పోయేది కాదు. "చూశారా, అక్కడే క్రిములు దాక్కుంటాయి. మనం ముందే పూడ్చేద్దాం" అని, ఒక్కొక్కరిని బల్ల మీద పడుకోబెట్టి, పన్ను తుడిచి ఆరబెట్టి, తెల్లటి పూత ఆ గాళ్ళలో పెట్టి, గట్టిపడేదాకా వేలితో అదిమి పట్టుకునేవారు. నొప్పి లేదు, సూది లేదు, ఏడుపు లేదు. తల్లులను గేటు దగ్గర ఆపి, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలని, తోమాక ఉమ్మేసి వదిలేయాలి గానీ నీళ్ళతో పుక్కిలించవద్దని, పాలసీసా నోట్లో పెట్టి పిల్లను నిద్రపుచ్చవద్దని చెప్పేవారు. వేలు కొరికిన పిల్లలున్నారు. "కొరికిందంటే దవడ గట్టిదేనండీ" అని నవ్వేవారు. ఇరవై నాలుగేళ్ళు ఆమె ఏ మంగళవారమూ మానలేదు.

ఫలితం ఏమిటంటారా? ఆసుపత్రి లెక్కల్లో వెతకకండి, ఉండదు. నా గోడ మీద వెతకండి. ముప్ఫై ఏళ్ళు నిండకుండా దవడపళ్ళు పోయి సెట్టు కట్టించుకోవడానికి ఆ మూడు బడుల చుట్టుపక్కల వీధుల నుంచి వచ్చేవాళ్ళకు గోడ మీద గీతలు పెట్టడం నాకు మొదటి నుంచీ అలవాటు. ఒకప్పుడు ఏడాదికి పదీ పదకొండూ ఉండేవి. గడిచిన నాలుగేళ్ళలో ఒక్క గీత లేదు.

రెండేళ్ళ కిందట కొత్త సూపరింటెండెంటుగారు వచ్చారు. సమీక్షా సమావేశంలో, మా అందరి ఎదుట, నివేదిక తిరగేసి అడిగారు.

"డాక్టరుగారూ, మంగళవారాలు మీ పేరు మీద ఏమీ లేదేంటి? ఇతరములు అని ఉంది."

"బడికి వెళ్ళానండీ. పూటకి పదిమంది పిల్లల పళ్ళు పాడవకుండా చూశాను."

"పాడవని పళ్ళని ఎలా లెక్కపెడతామండీ? జరగనిదానికి గడి ఎక్కడుంది?"

"పీకినవాటికి ఉంది కదండీ. అయితే వచ్చే నెల నుంచి ముందు పాడవనిచ్చి, తర్వాత పీకి, లెక్క చూపిస్తాను."

మేమంతా నవ్వాం. ఆమె నవ్వలేదు. సూపరింటెండెంటుగారూ నవ్వలేదు. అది హాస్యమని ఆయన అనుకోలేదు, మొండితనం అనుకున్నారు. ఆ రోజు నవ్వడానికి బదులు లేచి నిలబడి, నా గోడ మీది గీతల సంగతి చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. నోరు ఉన్నది తినడానికే అన్నట్టు కూర్చున్నాను. నా మీద నాకున్న కోపంలో సగం ఆ పూటదే.

ఈ అక్టోబరు తొమ్మిదో తేదీన ఉత్తర్వు వచ్చింది. డాక్టరమ్మగారి స్థానంలో ఎవరినీ నియమించరట. నవంబరు ఒకటి నుంచి మంగళవారాల పని రద్దు. ప్లాస్టరు బొమ్మ స్టోరుకు అప్పజెప్పాలి. బడులకు ఈ విషయం తెలియజేసే బాధ్యత, చూడండి ఎంత ముచ్చటో, నా మీద పెట్టారు. జీతం అక్కరలేదు, వారానికి ఒక పూట వచ్చి పోతానని డాక్టరమ్మగారు రాసి ఇచ్చారు. రెండు రోజుల్లో జవాబు: సర్వీసులో లేని వ్యక్తి పిల్లల నోట్లో చెయ్యి పెట్టడానికి నిబంధనలు అంగీకరించవు. ఆమె ఏ దరఖాస్తుకూ ఇంత త్వరగా జవాబు రాలేదు.

ఉత్తర్వు వచ్చిన నాటికి, పూత వేయవలసిన ఈ ఏటి పట్టికలో నలభై ఏడుగురు పిల్లలు మిగిలి ఉన్నారు. నెలలో మిగిలినవి మూడు మంగళవారాలు. ఎంత చేసినా పూటకు పదిమంది. డాక్టరమ్మగారు నాలుగు రోజులు సెలవు పెట్టారు. వెళ్ళిపోయే ముందు ఇంటి పనులేవో చూసుకుంటున్నారని అందరం అనుకున్నాం. రెండో రోజు బొమ్మ తీసుకురావడానికని బడికి వెళ్ళినప్పుడు నాకు తెలిసింది. ఆమె అక్కడే, అదే బల్ల దగ్గర వంగి ఉన్నారు. పక్కన డ్రాయింగు మాస్టారు టార్చి పట్టుకుని నిలబడ్డారు. నా అలికిడికి ఆమె తల ఎత్తకుండానే అన్నారు.

"ముప్ఫై ఒకటిదాకా నేను సర్వీసులోనే ఉన్నాను మేస్త్రిగారూ. నిబంధన చదువుకునే వచ్చాను. ఆ బొమ్మ అక్కడే ఉండనిచ్చి, ఈ పిల్ల చెయ్యి పట్టుకోండి."

పట్టుకున్నాను. బొమ్మ తిరిగి తేలేదు. ఇరవై ఎనిమిదో తేదీ మంగళవారం మధ్యాహ్నానికి ముప్ఫై ఎనిమిది మంది అయ్యారు. మిగిలిన తొమ్మిదిమందికి ఏమీ చేయడానికి లేదు. ఆరేళ్ళకు రావలసిన ఆ దవడపన్ను వాళ్ళకు ఇంకా చిగురు దాటి రాలేదు. ఏ సెలవు పెట్టినా, ఏ దీపం పట్టినా, రాని పన్నుకు పూత వేయలేము. రెండు మూడు నెలల్లో ఒకటొకటిగా వస్తాయి, చప్పుడు చేయకుండా. వచ్చేసరికి డాక్టరమ్మగారు సర్వీసులో ఉండరు.

ఆమె ఆ తొమ్మిదిమంది పట్టిక నా చేతిలో పెట్టారు.

"నాకెందుకమ్మా? నేను నోట్లో చెయ్యి పెట్టకూడదు కదా" అన్నాను.

"పెట్టొద్దు. చూడండి చాలు, చూడ్డానికి ఉత్తర్వు అక్కర్లేదు. వారానికోసారి గేటు దగ్గర నోరు తెరిపించండి. పన్ను కనబడిందా, వాళ్ళమ్మని వెంటబెట్టుకుని పిల్లని తీసుకొచ్చి ఆసుపత్రి కుర్చీలో కూర్చోబెట్టండి. నొప్పి ఉందా అని అడుగుతారు, లేదని చెప్పండి. మరి ఎందుకొచ్చారని అడుగుతారు, నొప్పి రాకుండా ఉండటానికి అని చెప్పండి. కుర్చీలో కూర్చున్న పిల్లని లేచి పొమ్మనే నిబంధన ఇంకా ఎవరూ రాయలేదు."

"వాళ్ళు పూత వెయ్యకపోతే?"

"వేసేదాకా పిల్లని లేపకండి. వెనక లైను కేకలు పెడుతుంది, పెట్టనీయండి. నాకు ముప్ఫై నాలుగేళ్ళ నుంచీ అలవాటే. మీరూ అలవాటు చేసుకోండి."

కావున ఈ సంచిక ద్వారా సూపరింటెండెంటుగారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. బడులకు మంగళవారాలు రద్దయ్యాయని చెప్పిరమ్మన్న ఉత్తర్వు నాకు అందింది. నేను చెప్పలేదు, చెప్పబోను. నాకు ఇంకా పద్నాలుగు నెలల సర్వీసు ఉంది, చర్య తీసుకోదలిస్తే బోలెడంత సమయం ఉంది. ఆ తొమ్మిదిమంది పిల్లలకూ ఆ మాట చెప్పాలని తమకే ఉంటే, గేటు ఎక్కడో చూపిస్తాను, తామే వచ్చి చెప్పవచ్చు.

డాక్టరమ్మగారూ! మీరు సకల ఆయురారోగ్యాలతో, డ్రాయింగు మాస్టారి తోడుతో, అమ్మాయి కళ్ళెదుట, నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి. మీ పళ్ళన్నీ చివరిదాకా మీ నోట్లోనే ఉండాలి; నా చేతి సెట్టు మీకు ఎన్నడూ అవసరం రాకూడదు. ఈ వ్యాసం అచ్చుకు ఇవ్వడానికి వస్తూ, దారిలో బడి గేటు దగ్గర ఆగాను. పట్టికలో మూడో పిల్లకు కిందిదవడ చివర చిగురు చీలి తెల్లగా మొన కనిపించింది. పూర్తిగా బయటికి రాగానే తీసుకొస్తాను. ఆ రోజు మీరు ఇంట్లో హాయిగా కూర్చోండమ్మా, కేకలు నేను పడతాను.